ఘీతా గుమ్మం దాటనివ్వని పెళ్ళికూతురు

ఘీతాకు ఒకటే పిచ్చి. మనిషి ఎదురైతే ముఖం చూడదు, చర్మం చూస్తుంది. ఫెజ్ నగరపు పాతబస్తీలో, ఆడవాళ్ళు ఆవిరిస్నానానికి వచ్చే హమ్మాంలో ఒళ్ళు రుద్దడం ఆమె పని. పని లోపల, మకాం మాత్రం గుమ్మంలో. వచ్చినవాళ్ళ చేతులెత్తించి, మెడలు తిప్పించి చూసేది. సెగగడ్డ ఒక్కటి కనబడిందా, ఇక ఇంటిదారే.

గల్లాపెట్టె దగ్గర కూర్చునే కెంజాకు ప్రాణం విసిగిపోయింది.

"సరిహద్దులో కూడా ఇంత సోదా చెయ్యరు కదే!"

"వాళ్ళు పట్టేది సరుకు. నేను పట్టేది క్రిమి. మాత్రలకు చావని రకమని మన పేట డాక్టరమ్మ చెప్పింది. ఒకరి తువాలు మీంచి ఇంకొకరి ఒంటికెక్కుతుందట."

"అది ఆసుపత్రుల్లో ఉండేది కదా?"

"ఎప్పుడో బయటపడింది. తుమ్మితే ఒక యాంటీబయాటిక్, ఆవలిస్తే ఇంకొకటి మింగి మనమే దాన్ని రాటుదేల్చాం. ఇప్పుడు మన వీధిలోనే కాపురం!"

దోమ కుట్టినవాళ్ళు అది గడ్డ కాదని సాక్ష్యానికి ఆడపడుచుల్ని వెంటబెట్టుకొచ్చేవారు. ఒకసారి మోచేతి మీద కురుపుందని సాక్షాత్తు యజమానురాలినే వెనక్కి పంపింది. ఆవిడ తన హమ్మాం తాళాలు తనే పట్టుకుని ఇంటికెళ్ళింది.

మొన్న బుధవారం పొద్దున్న హజ్జా రఖియా కూతురు ఇతిమాద్‌కు పెళ్ళిస్నానం. ఇరవైమంది చుట్టాలు, చేతుల్లో కొవ్వొత్తులు, ఒకటే మంగళకేకలు. ఘీతా పెళ్ళికూతురి భుజం చూసింది.

"ఈ పిల్ల రాకూడదు."

"రేపే పెళ్ళి, మహాతల్లీ!" అంది హజ్జా.

"పెళ్ళి రేపు. మీ ఇరవైమందికీ గడ్డలు ఎల్లుండి."

కొవ్వొత్తులార్పేసి అందరూ వెళ్ళిపోయారు. మధ్యాహ్నానికి ఘీతా కూడా తలనొప్పని చెప్పి మాయమైంది. ఇక హమ్మాం మూతపడటం ఖాయమనుకుని కెంజా సాయంత్రం బాదం మిఠాయి పట్టుకుని హజ్జా ఇంటికి క్షమాపణకు బయల్దేరింది.

వంటింటి నిండా ఆవిరి. మధ్యలో పీట మీద ఇతిమాద్, భుజానికి తెల్లటి కట్టు. వెనక ఘీతా, చేతికి ఒళ్ళు రుద్దే కొత్త తొడుగు వేసుకుని, కట్టు తడవకుండా వీపు రుద్దుతోంది.

"డాక్టరమ్మ దగ్గరికి ఈవిడే లాక్కెళ్ళింది. గడ్డ కోయించి కట్టు కట్టించింది," అంది హజ్జా. "వెనక్కి పంపిన ప్రతివాళ్ళ ఇంటికీ ఇలాగే వెళ్తుందట. మా తోడికోడలికి రెండు వారాలు ఇంట్లోనే స్నానం చేయించింది. బయట చెప్పొద్దని ఒట్టేయించుకుందట కూడా."

కెంజా నోరు తెరిచింది. "ఎందుకే దాచావు?"

"ఇంటికొచ్చి రుద్దుతానని చెబితే హమ్మాంకి ఎవరొస్తారే? దొంగ కురుపులు అంటించుకుని ఇంట్లోనే కూర్చుంటారు! వచ్చినదానివి నిలబడ్డావేం? చేతులు కడుక్కుని చెంబందుకో."

కెంజా మిఠాయి పక్కన పెట్టి, మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని, చెంబుతో నీళ్ళు ముంచి వీపున పోసింది.

"అబ్బా, కాలుతున్నాయి!" అంది పెళ్ళికూతురు.

పక్కగదిలో చుట్టాలు ఇరవైమందీ ఒక్కసారిగా మంగళకేకలు అందుకున్నారు.