నొప్పి లేని కాలు

మార్కాపురంలో డాక్టరుకు రిపోర్టు చూపించి గిద్దలూరు బస్సెక్కాను. అన్నం మానేసి జొన్నరొట్టె తింటున్నా, ఇన్సులిన్ పెంచినా నా షుగర్ దిగడం లేదు. ఇప్పుడు రక్తపరీక్షలో ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ కూడా విపరీతంగా వచ్చింది. ఒంట్లో ఎక్కడో చీము పడుతోందని, అదే షుగర్‌ను దిగనివ్వడం లేదని, ఆ చీము ఎక్కడుందో వెతకాలని, మర్నాడు స్కానింగుకు రమ్మని డాక్టరు అన్నారు. ఇక నేను బతకనేమో అనిపించి, కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

"ఏంది తమ్ముడూ, ఏమైంది?" అన్నాడు పక్క సీట్లో చంకకర్ర పట్టుకున్న పెద్దాయన. చెప్పాను. ఆయన పంచె పైకి లాగి చూపించాడు. మోకాలి కింద కాలు లేదు.

"నాకూ షుగరే. అరికాల్లో పుండు పడినా తెలీలా. అట్లనే సేద్యానికి పోయినా. నీ బూట్లు తీయి, చూద్దాం."

"నా కాళ్లకు నొప్పేమీ లేదన్నా."

"నొప్పి లేదంటున్నావనే తీయమంటున్నా."

తీశాను. ఎడమకాలి సాక్సు అడుగున తడిసి ఉంది. వేళ్ల కింద పుండు, చుట్టూ నలుపు. నా పాదాన్ని ఆయన తన ఒళ్లో పెట్టుకుని పుండు చుట్టూ నొక్కి చూశాడు. తర్వాత బస్సాపమని కండక్టరుకు కేకేశాడు.

"ఇంటికి పోవద్దు. ఇట్లనే ఆసుపత్రికి పో."

నేను దిగాక, బస్సు కదులుతుంటే కిటికీలోంచి "ఆ బూటు మళ్లా తొడుక్కోవాకు!" అని అరిచాడు.

రెండు వేళ్లు పోయాయి. పాదం దక్కింది, షుగర్ మెల్లగా దిగింది. ఆయన పేరైనా అడగలేదు. రోజూ స్నానం కాగానే అద్దం నేల మీద పెట్టి అరికాళ్లు చూసుకుంటాను.