ఎత్తిన చెయ్యి దించుకున్నాను

సహోదరులారా, అక్కచెల్లెళ్ళారా, ప్రభువు పేరిట అందరికీ నా వందనాలండి. నేను మైకు పట్టుకోవడం ఇదే మొదటిసారి. ఇంట్లో అయితే నా గొంతుకి మైకు అక్కర్లేదంటారు మా ఆయన, ఇక్కడ ఇంతమందిని చూస్తే భయంగానే ఉంది, అయినా దేవుడు చేసిన మేలు కడుపులో దాచుకోలేక నిలబడ్డాను.

మాది మొగల్తూరు అవతల, సముద్రం వైపున్న ఊరు. మా ఊరి సర్పంచి ఎన్నికలకి ముందు ఏడాది మా అమ్మాయి కృపకి కామెర్లు వచ్చాయి. ఎనిమిదో తరగతి పిల్ల, ఇల్లంతా గలగలా తిరిగే పిల్ల, కళ్ళు పచ్చబడిపోయి, మెతుకు ముట్టకుండా మంచానికి అతుక్కుపోయింది. నరసాపురం ఆసుపత్రిలో డాక్టరు గారు చూసి నీళ్ళ వల్లే వచ్చిందన్నారు. మా ఊరి నీళ్ళ సంగతి ఎవరికి తెలియదండీ! రొయ్యల చెరువుల్లో పట్టుబడి, అదేనండి రొయ్యలు పట్టేయడం, అయిపోగానే ఆ మురుగంతా కాలవలోకి తోడేస్తారు, ఆ కాలవ నీరే మా మంచినీళ్ళ చెరువుకి వస్తుంది, బిందెలో పట్టి ఉంచితే సాయంత్రానికి అడుగున నల్లగా పేరుకుంటుంది. అదే తాగాం, అదే పిల్లకీ పట్టాం.

నేను మంచం పక్కన మోకాళ్ళ మీద పడి ఏడ్చేదాన్ని. "ప్రభువా, నాకున్నది ఈ ఒక్క పిల్లే, నువ్వే ఇచ్చావు, నువ్వే నిలబెట్టు తండ్రీ" అని అదే మాట, వేరే ప్రార్థన రాలేదు నాకు.

మా పక్కింట్లో సత్యవతి వదిన ఉంటుంది. ఎండుచేపల వ్యాపారం. గంగమ్మ తల్లికి దణ్ణం పెట్టుకోందే బండి బయటికి తీయదు. ఆవిడ రోజూ చేపలమ్మి వస్తూ వస్తూ మొగల్తూరు నుంచి మంచినీళ్ళ టిన్ను తెచ్చి మా గుమ్మంలో దించేది, నీళ్ళకి చేపల కంపు తగులుతుందేమోనని టిన్నుకి వేరే గోనెపట్టా చుట్టి మరీ తెచ్చేది. నాకు కన్నీళ్ళు ఆగలేదొకసారి. "ఏంటి వదినా చిన్నపిల్లలా! నీ దేవుడికి నువ్వు మొక్కుకో, నీళ్ళ సంగతి నేను చూస్తాను" అంది. అక్కడితో ఆగిందా, పంచాయతీ ఆఫీసుకెళ్ళి కాలవలోకి మురుగు వదలొద్దని ఒంటరిగా పోట్లాడింది. కృప లేచింది. అన్నం అడిగింది. దేవునికే మహిమ!

తర్వాత సర్పంచి ఎన్నికలొచ్చాయి. మా సంఘంలో పెద్దమనిషి, దావీదు గారు నిలబడ్డారు. మందిరానికి ఫ్యాన్లిచ్చిన మనిషి, ఎవరింట్లో చావైనా ముందు నడిచే మనిషి, కాదనను. కానీ కాలవ మొదట్లో ఉన్న పెద్ద రొయ్యల చెరువులు ఆయనవే. ఆయన మీద పోటీకి ఎవరు దిగారనుకున్నారు? మా సత్యవతి వదిన!

మా పాస్టరు అయ్యగారు కంటి ఆపరేషనుకి కాకినాడ వెళ్ళిన వారం, దావీదు గారింట్లో ప్రార్థన కూడిక పెట్టారు. పాటలు పాడాం, స్తుతించాం, ఆఖరున ఒక సహోదరుడు లేచి "మన దేవుని బిడ్డను మనమే గెలిపించుకోవాలి, ఎవరెవరు దేవునికి మాట ఇస్తారో కళ్ళు మూసుకుని కుడిచెయ్యి ఎత్తండి" అన్నారు. మనకి అలవాటే కదండీ, ఉపవాసానికైనా, సమర్పణకైనా చెయ్యెత్తమంటే ఎత్తేస్తాం. నా చెయ్యి లేచిపోయింది. కళ్ళు మూసుకోమన్నారు గానీ, ఎవరు ఎత్తలేదో కూడిక అయ్యేసరికి అందరికీ తెలిసిపోయింది!

ఇంటికి వస్తుంటే ఒక పెద్దావిడ నా భుజం తట్టి "దేవుడికి మాటిచ్చాం, తప్పితే బిడ్డల మీదికొస్తుంది సుమా" అంది. ఆవిడ మామూలుగానే అంది. నా గుండెల్లో మాత్రం రాయి పడింది. ఆ రోజు నుంచీ పిల్ల తుమ్మితే నాకు చెమటలు పట్టేవి. పొద్దునా సాయంత్రం దాని కళ్ళు విప్పదీసి పచ్చబడ్డాయేమోనని చూసేదాన్ని, "నాకేం కాలేదమ్మా" అని అది విసుక్కునేది. ఎవరికి వేయాలన్నది నా మనసుకి తెలుసు. వేస్తే దేవుడు నా పిల్లని ఏం చేస్తాడోనన్నదే నా బాధ.

నేను రొయ్యలు ఒలిచే షెడ్డుకి వెళ్తానండి. ఒకరోజు మంచుముక్కల్లో చేతులు పెట్టుకుని పని చేస్తూ లోలోపల ప్రార్థిస్తున్నాను: "ప్రభువా, నా ఓటు నువ్వు చెప్పినవాళ్ళకే వేస్తాను, నా పిల్లని మాత్రం ముట్టుకోకు." ఆ మాట నాకే వినపడి నా చేతులు ఆగిపోయాయి. ఎవరితో మాట్లాడుతున్నాను నేను? వీధి రౌడీని బతిమాలుకున్నట్టు ఎవర్ని బతిమాలుకుంటున్నాను? చచ్చిపోతుందనుకున్న పిల్లని లేపి నా ఒళ్ళో పెట్టిన తండ్రిని! ఆయన పేరు పలకని ఆవిడ చేత నీళ్ళు మోయించి మరీ నా పిల్లని బతికించిన తండ్రిని! దెబ్బలు తిని దారిలో పడి ఉన్నవాణ్ణి ఎత్తుకున్నది సొంతవాళ్ళు కాదు, పరాయివాడని ప్రభువు చెప్పిన కథ ఎన్నిసార్లు విన్నానండీ, అది నా గుమ్మంలో జరిగితే గుర్తుపట్టలేకపోయాను! ఆ షెడ్డులో, ఆ నీచు వాసనలో, దేవుడు నా పక్కనే ఉన్నాడని తెలిసి తల ఎత్తలేకపోయాను, ఈ భయం నా నుంచి తీసెయ్యి తండ్రీ అని మాత్రం అడిగాను.

"చాటుగా వేసెయ్, ఎవరికి తెలుస్తుంది" అన్నారు మా ఆయన. మనుషులకి తెలియదు నిజమే. కానీ దేవుని పేరు మీద ఎత్తిన చెయ్యి అబద్ధంగా గాల్లో ఉండకూడదనిపించింది. దావీదు గారింటికి వెళ్ళాను.

"అన్నయ్యగారూ, ఆ రోజు ఎత్తిన చెయ్యి దించుకుంటున్నానండి" అన్నాను.

ఆయన మొహం ఎర్రబడింది. "సంఘానికి ద్రోహం చేస్తావా అమ్మా?" అన్నారు.

"లేదండి. మీ చెరువు మురుగు కాలవలోకి వదలడం ఆపండి, రెండు చేతులూ ఎత్తుతాను" అన్నాను. నాకంత ధైర్యం ఎక్కడిదో నాకే తెలియదు!

సహోదరులారా, వినండి, పోలింగు రోజు పొద్దున్న కృప ఒళ్ళు కాలిపోతోంది. జ్వరం! చెప్పలేదా, చెప్పలేదా అని ఎవరో నా చెవిలో అరుస్తున్నట్టే ఉంది. మా ఆయన్ని పిల్ల దగ్గర కూర్చోబెట్టి, ఏడుస్తూనే బడికి నడిచాను. వేలికి సిరా పూశారు, కాగితం ఇచ్చారు, అట్ట చాటుకి వెళ్ళాను. అక్కడ సంఘం లేదు, దావీదు గారు లేరు, సత్యవతి వదినా లేదు. నేనూ నా దేవుడూ ఉన్నాం. "తండ్రీ, నువ్వు నా బిడ్డని చూపించి నన్ను బెదిరించే దేవుడివి కావు. నువ్వెవరో నాకు తెలుసు" అన్నాను, అని ముద్ర వేశాను. ఎంత నెమ్మది దిగిందండీ నా మీద! ప్రతి ఆదివారం మందిరంలో కూర్చుంటాను గానీ, అంత దగ్గరగా ఆయన సన్నిధిని ఎప్పుడూ ఎరగను. ఆ అట్టముక్క వెనకాల చెప్పులు విప్పుకోవాలనిపించింది నాకు.

ఇంటికెళ్ళి పిల్ల నుదురు ముట్టుకున్నాను. జ్వరం అలాగే ఉంది. నా భయమే లేదు! మాత్ర వేసి, తడిగుడ్డ పెట్టి పక్కన పడుకున్నాను, ఎన్నాళ్ళ తర్వాతో హాయిగా నిద్రపట్టింది. వట్టి పడిశం జ్వరమే, తగ్గిపోయింది.

గెలిచింది దావీదు గారే. కొన్నాళ్ళు సంఘంలో నా పలకరింపుకి జవాబు చెప్పినవాళ్ళు తక్కువ. మొన్న మళ్ళీ పట్టుబడి అయ్యాక ఆ మురుగు కాలవలోకి తోడబోతే సత్యవతి వదిన వెళ్ళి గట్టు మీద నిలబడింది, ఈసారి ఆవిడ పక్కన నేనూ నిలబడ్డాను, మా వెనక మా సంఘం ఆడవాళ్ళూ కొందరు వచ్చారు. ఆ రోజుకి మురుగు తోడే ఇంజను ఆపేశారు. రేపటి సంగతి ప్రభువుకి తెలుసు.

"మరి నీ ప్రార్థన దేవుడు వినలేదేంటి, ఆవిడ ఓడిపోయిందిగా" అని అడుగుతున్నారు నన్ను. ఆవిడ గెలవాలని నేను ప్రార్థించలేదండి. నా భయం పోవాలని ప్రార్థించాను.

మళ్ళీ ఎన్నికలొచ్చినప్పుడు ఓటు ఎవరికి వేయమని నేను చెప్పను. మనవాడనీ వేయకండి, శాపానికి జడిసీ వేయకండి. మీ పొరుగువాళ్ళ ముఖం ఒకసారి తలుచుకుని, ప్రేమించే తండ్రి ఎదుట నిలబడి వేయండి. నాలాగ దేవుడంటే హడలిపోతూ ఆయన్ని సేవిస్తున్నవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే, ఆ తండ్రిని నమ్మండి. చెయ్యి ఎత్తమని అడగను. ఆయనకి మీ మనసు కనపడుతుంది. ఆయనకే మహిమ కలుగును గాక, ఆమెన్.