బడి మైకుల పడ్డ ఆల్బం

ఎవరికన్నా గుట్టు దాచుకునే అవసరముంటే నా దగ్గరికి మాత్రం రాకండి. మొన్న బుధవారం నేనొక గుట్టును ఎట్ల దాచిన్నో చెప్త, వినండి. ఎల్లారెడ్డి దగ్గర మా ఊరంతా ఇంకా నవ్వుతనే ఉన్నది, మీరెందుకు ఊకోవాలె!

నా దగ్గర అయిదో తరగతి దాకా చదివిన నవీన్ ఇప్పుడు రాపర్. కామారెడ్డిల ఒక ఫొటో స్టూడియో మీది గదిల, గోడలకు పాత పరుపులు కొట్టి, మూడేండ్లు కూసోని పాటలు తయారు చేసిండు. ఇదివరకు దోస్తులతోటి కలిసి పాడేటోడు. ఇది మాత్రం వాడొక్కని ఆల్బం.

మంగళవారం బండేసుకొని బడికొచ్చి నా చేతిల పెన్‌డ్రైవ్ పెట్టిండు.

"సార్, శుక్రవారం రిలీజ్. అందరికంటె ముందు మీరే వినాలె. అప్పటిదాకా ఇంకెవ్వరి చెవుల పడొద్దు. పాటలు రిలీజ్ చేసే లేబుల్‌కు మాటిచ్చిన."

"పెద్ద కంపెనీయా బిడ్డా?"

"ఇండిపెండెంట్ లేబుల్ సార్. మా దోస్తు అనిల్, ఒక లాప్‌టాప్, రెండు కుర్సీలు."

"మరి గంత భయమెందుకురా?"

వాడు తల గోక్కున్నడు. "అసలు భయం మా అవ్వ గురించి సార్. నేను కంప్యూటర్ల పని చేస్తున్ననుకుంటది. ఆమె మీద ఒక పాట రాసిన. రిలీజ్ అయినంక నేనే కూసోబెట్టి వినిపిస్త. ఏమంటదో ఏమో!"

వాళ్ళవ్వ సాయవ్వ. తల్లీతండ్రీ లేని మనుమన్ని బీడీలు చుట్టి సాదింది. నేను గుండె మీద చెయ్యేసుకొని మాటిచ్చిన.

బుధవారం పొద్దున పిల్లలకు ఆ ఊపుల ఒక కథ కూడా చెప్పిన. ఒక కుండ ఉండెనట. ఎవరు ఏ గుట్టు చెప్పినా కడుపుల దాచుకునేదట. ఒకనాడు దానికి సన్న పర్రె పడ్డది. ఊరి గుట్టంతా చుక్క చుక్కగ బజార్ల పారింది. "అందుకే పిల్లలూ, మన కుండకు పర్రె ఉండొద్దు!" అన్న.

సాయంత్రం పిల్లలు పోయిండ్రు. నా ఫోన్‌కు పెన్‌డ్రైవ్ ఎక్కదు, లాప్‌టాప్ లేదు. బడి మైక్ సెట్టు ఉన్నది కదా! దానికి రెండు బటన్లు. ఒకటి గదిల స్పీకర్ డబ్బాకు, ఒకటి ఊరంత వినబడే కప్పు మీది హారన్‌కు. హారన్ బటన్‌ను సున్నాకు తిప్పిన. జాగ్రత్త మనిషిని కదా, తలుపులు, కిటికీలు కూడా గట్టిగ బిగించిన.

పోయిన వారం కోతులు వైర్లు తెంపితే నేనే ఎక్కి అతికిచ్చిన. డబ్బా వైరు, హారన్ వైరు రెండిటినీ ఒక్కచోటనే బిగించిన్నని మాత్రం నాకు తెల్వదు!

మొదటి పాటకు సుద్దముక్కల డబ్బా టేబుల్ మీద ఎగిరింది. రెండోది అవ్వ పాట. ఒడిల చాట, ఏలు మీద దారం, బీడీలు చుట్టే చప్పుడుతోటే పాట నడుస్తది. నా కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. ఇంకింత గట్టిగ వినాలనిపిచ్చి సౌండ్ పెంచిన. మూడోది నా మీద! లెక్క అడిగితే కథ చెప్పే సారట, గంట కొట్టినా కథ అయిపోదట. కడుపు పట్టుకొని నవ్విన. మళ్ళొకసారి పెట్టిన.

అప్పుడు తలుపు ధన ధన కొట్టిండ్రు.

తీసి చూస్తే సగం ఊరు వాకిట్ల ఉన్నది! "సార్, మీ మీదిది ఇంకోసారి పెట్టుండ్రి!" అని వెనుక నుంచి ఎవరో అరిచిండ్రు. ముందట సాయవ్వ, సంకల బీడీల చాట.

"సారూ, అది మా నవీన్‌గాని గొంతు కాదా?"

"అవునవ్వా."

"కంప్యూటర్ పని అన్నడు!"

"కంప్యూటర్లనే పాడిండవ్వా."

అవ్వ నన్ను కింది నుంచి మీదికి చూసింది. "వానికి ఫోన్ చెయ్యి."

చేసిన. "నవీన్, తప్పైంది బిడ్డా. పాటలు బయట వినబడ్డయి."

"ఎవరు విన్నరు సార్?"

"విననోళ్ళ పేర్లు చెప్పుడు సులువురా."

"అవ్వ?" అన్నడు సన్నగ.

అవ్వ ఫోన్ గుంజుకున్నది. "ఏందిరా, దినాం వెయ్యి బీడీలు చుడుతనని పాడినవు? నీ ఫీజు కట్టే దినాలల్ల పన్నెండు నూర్లు చుట్టిన! పాడితే సక్కగ పాడు. గా లెక్క దిద్దు!"

అంతే. అటు నుంచి వాడు నవ్వుతున్నడో ఏడుస్తున్నడో నాకైతే తెల్వలేదు. అవ్వ మాత్రం కొంగుతోటి ముక్కు తుడుచుకొని, "ఇంటికి రా, బువ్వ తిని పోదువు" అన్నది.

అదృష్టం, అందరు చేతులల్ల పనితోటి ఉరికొచ్చిండ్రు. పాటలను ఫోన్ల ఎవ్వరు రికార్డు చెయ్యలే. నవీన్ గురువారం ఆ ఒక్క లైను మళ్ళ పాడిండు. అదే పొద్దున మా బడిల అయిదో తరగతి అక్షయ లేచి, "సార్, కుండకు పర్రె అన్నరు గని, మైకున్నదని చెప్పలే!" అన్నది. కూసో బిడ్డా అన్న. ఇంకేమంట?

శుక్రవారం ఆల్బం వచ్చింది. దాని కింద పనిచేసినోళ్ళ పేర్లు రాస్తరు కదా. అద్దాలు పెట్టుకొని చదివిన. పాట నవీన్. సంగీతం అనిల్. లెక్క దిద్దినవారు సాయవ్వ. అన్నిటికన్న కింద నా పేరు కూడా పెట్టిండు, పోకిరి పోరడు:

"గుట్టు దాచినవారు: మా సారు."