ఒక పడుగు, ఇద్దరు తోడు పెళ్లికూతుళ్లు

మా ఊరి గ్రంథాలయంలో నేను చదవని బీరువా ఒక్కటే ఉంది. దాని తాళంచెవి పోయింది. పదో తరగతితో బడి మానేసిన నాకు మిగిలిన చదువంతా ఆ గదిలోనే సాగింది. ఇంట్లో ఏ సందేహం వచ్చినా మా నాన్న మగ్గం గుంతలోంచి తల ఎత్తకుండానే, "పెద్దమ్మిని అడగండి, సదివింది గదా" అనేవాడు. ఆ మాట వినడానికే కొన్ని సందేహాలు నేనే పుట్టించేదాన్ని. అందుకని మా చెల్లెలి పెళ్లిలో తోడు పెళ్లికూతురు ఎవరన్న పేచీ నా దాకా రావడం న్యాయమే అనిపించింది.

మా వైపు పెళ్లికూతురి పక్కన ఒక చిన్నపిల్లను అలాగే ముస్తాబు చేసి కూర్చోబెడతారు. నలుగు మొదలుకొని తాళి దాకా పీట మీద ఆ పిల్లకూ చోటుంటుంది. నేతపనివాళ్లం కాబట్టి మా ఇంట్లో ఇంకో పట్టింపు కూడా ఉంది. పెళ్లి చీర నేసిన పడుగులోనే, అంటే మగ్గం మీద నిలువుగా సాగదీసిన ఆ పోగుల మీదనే, తోడు పిల్ల పావడా గుడ్డనూ నేయాలి.

కర్నూలులో ఉండే మేనత్తకు ఎనిమిదేళ్ల కూతురు. ఎర్రగుంట్లలో ఉండే చిన్నమ్మకూ ఎనిమిదేళ్ల కూతురే. అమ్మ జబ్బుపడిన రెండేళ్లు చెల్లెలిని తన ఇంట్లో పెట్టుకుని కాలేజీకి పంపింది మేనత్త. ఆ రెండేళ్లూ వారానికి నాలుగుసార్లు వచ్చి అమ్మను చూసుకున్నది చిన్నమ్మ. తన కూతురు పీట మీద లేకపోతే పెళ్లికే రానని ఒకరన్నారు. మా గడపే తొక్కనని ఇంకొకరన్నారు. చెల్లెలిది ఒకటే మాట.

"ఇద్దర్లో ఎవురు రాకపోయినా నేను పీట మీద కూర్చోను."

నేను నోటుపుస్తకం పట్టుకుని గ్రంథాలయానికి పోయాను. మొదటి రోజు దొరికిన పుస్తకంలో తోడు పిల్ల తండ్రి వైపు పిల్ల కావాలని ఉంది. నాకు పట్టరాని సంతోషం వేసి, అక్కడి మెట్ల మీది నుంచే మేనత్తకు ఫోన్ చేసి, పేజీ నంబరుతో సహా చెప్పేశాను. రెండో రోజు ఇంకో పుస్తకం దొరికింది. ఇది మొదటిదానికన్నా లావు. ఇందులో తల్లి వైపు పిల్ల అని ఉంది. లావు పుస్తకం అబద్ధం చెప్పదు కదా అని చిన్నమ్మకూ ఫోన్ చేశాను. మొదటి ఫోన్ సంగతి గుర్తు లేక కాదు. రెండూ చదివానన్న గర్వంలో, ఆ రెండు మాటలూ ఒకే పీట మీద కూర్చోవాలన్న ఆలోచనే రాలేదు.

ఆ సాయంత్రం ఇద్దరూ వాట్సాప్‌లో స్టేటస్ పెట్టారు. మేనత్త కూతురు జడగంటలతో. చిన్నమ్మ కూతురు వడ్డాణంతో. కింద ఒకే రాత, "మా తోడు పెళ్లికూతురు". నేను ఫోన్‌ను బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశాను.

జరిగింది విని నాన్న మూరవేసి చూసుకున్నాడు. మగ్గం మీది పడుగు చీరకూ ఒక్క పావడాకూ మాత్రమే సరిపోతుంది. రెండో పావడాకు కొత్త పడుగు అతకాలి. అంటే పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి కలపాలి. అలాంటివి వేలుంటాయి. అలా అతికితే అంతా ఒకే పడుగు కింద లెక్క. అమ్మకు చూపు ఆనదు. పెళ్లిళ్ల కాలం కాబట్టి కూలికి అతికేవాళ్లు ఖాళీ లేరు. మా చుట్టాలలో ఆ పనికి పేరుపడ్డ చేతులు రెండే, మేనత్తవీ చిన్నమ్మవీ. నాన్న ఇద్దరికీ విడివిడిగా ఒకటే మాట చెప్పాడు. "నీ కూతురి పావడాకు పడుగు అతకాల. వచ్చి పో."

శుక్రవారం పొద్దున ఒకరు కర్నూలు బస్సు దిగారు, ఇంకొకరు ఎర్రగుంట్ల ఆటో దిగారు. మా వాకిట్లో ఎదురుపడి ఇద్దరూ మా ఇంటి పైకప్పు చూశారు. పని చూశాక వెనక్కి పోవడం ఇద్దరికీ నామోషీ. పోగు జారకుండా వేళ్లకు బూడిద అద్దుకుని మేనత్త పడుగు ఎడమ అంచున, చిన్నమ్మ కుడి అంచున కూర్చున్నారు. అతికే పనిలో ఉన్న చిక్కు ఏమిటంటే, రెండు అంచుల నుంచి మొదలుపెట్టినవాళ్లు అతుకుతూ అతుకుతూ నడిమికే రావాలి. పొద్దున వాళ్ల మధ్య రెండు మూరల దూరం. మధ్యాహ్నానికి మోకాళ్లు తగులుతున్నాయి. మాట మాత్రం లేదు. ఏం కావాలన్నా నాతో చెప్పేవారు, నేను పక్కనున్న మనిషికి చెప్పేదాన్ని. మిగతా సేపు గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న లావు పుస్తకం చదువుకున్నాను.

నాలుగింటికి నడిమికి వచ్చేశారు. కొత్త పడుగులో ఒక పోగు మిగిలింది. దానికి జత లేదు.

"రెండు కొసలు కలిపి ఒకటిగా అతికినట్టుండావు," అంది మేనత్త. పేచీ మొదలైన ఆరు వారాల్లో వాళ్ల మధ్య అదే మొదటి మాట.

"నేనా? పావడాలు కట్టుకున్నప్పటి నుంచి అతుకుతాండా వదినా. నీ పక్కే సూసుకో."

ఇద్దరూ వంగి వెతకడం మొదలుపెట్టారు. తలలు ఠప్పుమని కొట్టుకున్నాయి. రెండోసారి కూడా కొట్టుకున్నాయి. తల రుద్దుకుంటూ పైకి చూసిన చిన్నమ్మ నా వైపే చూస్తూ ఉండిపోయింది.

"వదినా, ఆ పుస్తకంలో నుంచి యాలాడతాండేది ఏంది?"

వేలాడుతున్నది పోగు. పొద్దున పాత పడుగు పక్కన ఊడి పడి ఉంటే పనికిరాని తునక అనుకుని పేజీ గుర్తుకు పెట్టుకున్నాను.

మేనత్త దాన్ని మెల్లగా బయటికి లాగింది. పేజీ చూసింది. "తల్లి వైపు పిల్ల" అన్న పేజీ అది. ఇది సదివేనా ఆమెకు చెప్పింది, నాకు చెప్పిన పుస్తకం యాడ ఉండాది అని అడిగింది. నేను మొదటి పుస్తకం కూడా తెచ్చి చూపించక తప్పలేదు.

"ఏమ్మే, మనిద్దరం ఈ పిల్ల మాట పట్టుకోని కొట్టుకుంటాండామా?" అంది మేనత్త.

మొదట చిన్నమ్మకు పొరపోయింది. తర్వాత ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి, కళ్లనీళ్లు కారేదాకా నవ్వారు. బూడిద చేతులతో కళ్లు తుడుచుకునేసరికి ఇద్దరి ముఖాలూ ఒకే రంగుకు వచ్చాయి. గుంతలో నాన్న భుజాలు కదులుతున్నాయి. నన్ను తిట్టడంలో వాళ్లకు కుదిరినంత పొత్తు అతకడంలో కూడా కుదరలేదు. చివరి పోగును మాత్రం ఇద్దరూ కలిసే మెలిపెట్టారు. ఒకామె కొస పట్టుకుంటే ఇంకొకామె మెలిక తిప్పింది.

పెళ్లినాడు పీట మీద ముగ్గురు కూర్చున్నారు. చెల్లెలికి ఒక మోకాలు మోపేంత చోటే మిగిలింది. ఒక తోడు పిల్ల తలంబ్రాలు తినడం మొదలుపెట్టింది. ఇంకో పిల్ల పెళ్లికొడుకు వాచీలో టైం చూసి అయ్యవారికి చెబుతోంది. ఎవరి కూతురు ఎవరో అయ్యవారికి అంతుపట్టలేదు. రెండు పావడాల పడుగు ఒకటే కదా. వెనక మేనత్త, చిన్నమ్మ ఒకరి చెవిలో ఒకరు నా గురించే మళ్లీ చెప్పుకుంటున్నారని వాళ్ల నవ్వు చూస్తే తెలుస్తోంది. చెల్లెలు వెనక్కి తిరిగి ఇద్దరినీ చూసుకుని, అప్పుడు తాళికి మెడ వంచింది.

సోమవారం రెండు పుస్తకాలూ తిరిగి ఇచ్చేశాను. లావు పుస్తకంలో ఆ పేజీ అంచున పెన్సిలుతో ఒక మాట రాద్దామని చేయి శానా లాగింది. గ్రంథాలయం పుస్తకాల్లో రాయకూడదు, అది నేను పదిమందికి చెప్పే నీతి. అందుకే ఇక్కడ రాస్తున్నాను. తోడు పెళ్లికూతుళ్లు ఇద్దరు ఉండవచ్చు. పడుగు కొంచెం పొడుగ్గా వేసుకుంటే చాలు.