నేలకు తగిలిన చెప్పు

మా వీధి చివర చెప్పులు కుట్టే తిప్పయ్య, తిరుమలకు నడిచిపోయే మా గుంపులో ఉత్త కాళ్ళతో నడిచాడు. నెత్తిమీద మాత్రం మూరెడు పొడుగు కొత్త జోడు. స్వామి కోసం తనే కుట్టాడు. కొండ చేరేదాకా వాటిని నేలకు తగలనివ్వనని మొక్కు.

ఎందుకని అడగకుండా ఉండే మనిషిని కాను నేను. ధర్మవరం దాటకముందే సంగతంతా రాబట్టాను. భార్య ఆంజినమ్మకు షుగరు, కాలికి పుండు. అనంతపురం ఆస్పత్రిలో ఉంది. కాలు తీసేస్తే మనిషి దక్కుతుంది, ఆలస్యమైతే చెప్పలేమన్నారట డాక్టర్లు. మొగుడు సరే అంటేనే ఒప్పుకుంటానని ఆమె పట్టు. చెప్పులు స్వామికి చేరితే కాలు నిలుస్తుందని ఈయన ఆశ.

ముదిగుబ్బ దాటిన రోజు పొద్దున్నే కంపముల్లు ఆయన మడమలో విరిగింది. పిన్నీసుతో నేనే తీశాను, సగమే వచ్చింది. ఎండెక్కేసరికి తారు కాలి అరికాళ్ళు బొబ్బలెక్కాయి. చెప్పులేసుకుని ఆయన పక్కన నడవాలంటే నాకు సిగ్గేసింది.

అప్పుడే కూతురు త్రివేణి ఫోన్ చేసింది. పుండు నల్లబడి పైకి పాకుతోందట, ఇవాళే ఏదో ఒకటి చెప్పమంటున్నారట.

"కొండ చేరనీ పాపా" అని పెట్టేశాడు.

మధ్యాహ్నానికి ఎండకు జోడు తోలు బిగిసి పగులు పట్టింది. ఆముదం కోసం అడిగితే ఎక్కడా లేదు. చివరికి బజ్జీల బండి ఆమె బాణలిలో మిగిలిన నూనె పోసింది. బజ్జీలు కాల్చిన నూనె దేవుడికి పూయొచ్చా అని అడిగాను.

"దేవునికి తోలే ఇస్తాండామక్కా, నూనెకేమొచ్చె?" అన్నాడు. ఆ రోజు అందరం నవ్వింది అప్పుడొక్కసారే.

ఆ నూనే కొంప ముంచింది. చెప్పులు కానుగ కొమ్మకు తగిలించి, బోరింగు దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. వాసనకు వచ్చిన కుక్క ఎగిరి ఒకదాన్ని లాక్కుని చేలల్లో పడింది. వాన లేక మాడిపోయిన శెనక్కాయ చేలో, ఆ కాళ్ళతోనే తిప్పయ్య దాని వెంట పరిగెత్తాడు. వెనకాల నేను రాళ్ళు రువ్వుతూ. కుక్క వదిలేసరికి పట్టీ నమిలేసి ఉంది, అడుగు చీలింది.

మట్టి దులిపి, తిప్పి తిప్పి చూశాడు. మళ్ళీ కుట్టుకోవచ్చు కదా అన్నాను.

"కుట్టొచ్చు. నేలకు తగిలిండాది గదక్కా."

గట్టుమీద కూర్చుని తనే త్రివేణికి ఫోన్ చేశాడు. నేను దగ్గరికి జరిగి కూర్చున్నాను. కుక్క సంగతి చెప్పాడు.

"డాక్టరుకు సరే అని చెప్పు పాపా. తీసేయమను."

అవతల ఆంజినమ్మ ఫోన్ లాక్కున్నట్టుంది. ఆమె గొంతు నాకూ వినపడింది.

"ఏమప్పా, నడిచింది సాలు, వచ్చేయ్. ఒకటి బాగుండాది గదా? నాకింగ ఒకటే సాలు."

తిప్పయ్య నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

గుంపు కదిరి వైపు సాగింది. ఆయన్ను ఒంటరిగా పంపబుద్ధి కాక నేను ఆగిపోయాను. చీలిన చెప్పు సంచిలో వేశాడు కానీ, రెండోదాన్ని బస్సు వచ్చేదాకా నెత్తిమీదే పట్టుకుని నిలబడ్డాడు. ఇంకెందుకు, దించు అన్నాను. వినలేదు. బస్సులో ఒళ్ళో పెట్టుకున్నాడు. కింద ఆయన కాళ్ళ దగ్గర రేకు ఎర్రగా తడిసింది.

మేము ఆస్పత్రి చేరేసరికి ఆంజినమ్మను ఆపరేషనుకు లోపలికి తీసుకుపోయారు. తలుపు పక్కన బెంచీ ఖాళీగానే ఉంది. తిప్పయ్య కూర్చోలేదు, చెప్పును మళ్ళీ నెత్తిమీదికి ఎత్తుకున్నాడు.