బ్రిడ్జి మూత కింది ముక్క

కంచరపాలెం రైలు పట్టాలకు దగ్గర్లో ఉన్న ఒక వాయిద్యాల సర్వీసు షాపులో నేను బెంచి టెక్నీషియన్‌గా చేరింది నాలుగేళ్ల క్రితం, జూన్ నెల మొదటి సోమవారం. అది నా మొదటి ఉద్యోగం. మూడేళ్లు చేసి మానేశాను. ఇప్పుడు పోర్టు దగ్గర ఓడల రేడియోలు బాగుచేసే చోట పనిచేస్తున్నాను. ఇక్కడ రాస్తున్నది ఆ షాపులో మొదటి ఏడాది నవంబరులో జరిగిన సంగతి. డైరీలో మామూలుగా రోజుకు అరపేజీ రాస్తాను. ఆ వారానికి మాత్రం పదకొండు పేజీలు ఉన్నాయి.

షాపు యజమాని ఈశ్వర్రావు గారు. పని చేసేది ఆయనా నేనూ, ఇద్దరమే. చెక్క పని ఆయనది. వైర్లు, టంకం, శుభ్రం చేయడం నావి. మనుషులతో ఎక్కువ మాట్లాడనక్కర్లేని పని కాబట్టి నాకు బాగా కుదిరింది. కస్టమర్లు వస్తే ఆయన మాట్లాడేవారు, నేను బెంచి మీదకు వంగి ఉండేదాన్ని.

పనికి ఒక వరస ఉంది. వాయిద్యం రాగానే జాబ్ కార్డు రాయాలి. అందులో కస్టమర్ చెప్పిన లోపం ఒక గడిలో, మనం గమనించిన లోపాలు ఇంకో గడిలో రాస్తాం. విప్పే ముందు యాంప్లిఫయర్‌కి పెట్టి ఒక్కో తీగ మీటి, ఎలా మోగుతోందో రాసుకోవాలి. విశాఖలో సముద్రపు గాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. అందుకని ఏ గిటారు ఏ పని మీద వచ్చినా, స్క్రూలూ బ్రిడ్జీ శుభ్రం చేసి పంపడం మా షాపు పద్ధతి. బ్రిడ్జి అంటే గిటారు ఒంటి మీద తీగల చివర్లను పట్టుకుని ఉండే లోహపు దిమ్మ. రాతలో లేని నియమం ఇంకొకటి ఉండేది. చెప్పులు గుమ్మం బయటే విడవాలి. లోపల ఉన్నవన్నీ సరస్వతి అని ఈశ్వర్రావు గారి మాట.

ఆ నవంబరులో ఒక బుధవారం సన్యాసిరావు గారి బేస్ గిటారు నా బెంచి మీదకు వచ్చింది. బేస్ అంటే నాలుగు లావు తీగల గిటారు. పాటలో అడుగున వినిపించే మంద్రమైన శబ్దం దానిదే. వింటున్నవాళ్లు చాలామంది దాన్ని పట్టించుకోరు, ఆపితే మాత్రం పాట ఖాళీ అయిపోయినట్టు ఉంటుంది. సన్యాసిరావు గారు స్టీల్ ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ, ఇరవై రెండేళ్లుగా ఒక ఆర్కెస్ట్రాలో బేస్ వాయిస్తున్నారు. ఆ గిటారు ఆయన మొదట్లోనే హార్బరులో ఒక ఓడ పనివాడి దగ్గర కొన్నది. దాని బ్రిడ్జి మీద పాతకాలపు గిటార్లకు ఉన్నట్టు ఒక మెరిసే లోహపు మూత ఉండేది. చాలామంది ఆ మూత తీసి పక్కన పడేస్తారు. ఈయన ఉంచుకున్నారు, ఎప్పుడూ విప్పలేదు. దసరాకి ఆ మూత మీదే బొట్టు పెట్టేవారు.

నాకు తెలియని విషయం ఏమిటంటే, ఊళ్లో బేస్ అంటే పిచ్చి ఉన్నవాళ్లందరికీ ఆయన టోన్, అంటే ఆయన బేస్ మోగే తీరు, ఒక పెద్ద చర్చ. వాళ్లకో వాట్సాప్ గ్రూపు ఉంది. దాన్ని నడిపేది కిరణ్ అని పోర్టులో కంటైనర్ యార్డులో పనిచేసే అతను. ఆయన కచేరీలు ఫోన్లో రికార్డు చేసి, ఆ శబ్దం ఎక్కడి నుంచి వస్తోందని వాదించుకునేవారు. ఏళ్ల తరబడి మార్చని తీగల వల్ల అని కొందరు. పికప్, అంటే తీగ కదలికను కరెంటుగా మార్చే అయస్కాంతం, ఆ కంపెనీది అలాంటిది అని కొందరు. క్రేన్ లివర్లు తిప్పి గట్టిపడ్డ వేళ్లు అని కిరణ్. ఇవేవీ నేను అప్పటికి వినలేదు. ఆయన వాయించగా కూడా వినలేదు.

జాబ్ కార్డులో కస్టమర్ గడిలో ఉన్నవి మూడు మాటలు. వైరు పెట్టే సాకెట్టు గరగరమంటోంది. తీగలు మార్చవద్దు. నాబులు కదపవద్దు. నేను పద్ధతి ప్రకారం మీటి విన్నాను. ప్రతి తీగా దుమ్మని పడి వెంటనే ఆగిపోతోంది. గమనించిన లోపాల గడిలో నా చేత్తో ఇలా రాశాను: "శబ్దం మందంగా ఉంది. మోత నిలవడం లేదు."

సాకెట్టు మార్చాను. తీగలు జాగ్రత్తగా వదులు చేసి, శుభ్రం చేశాక అవే బిగించాను. నాబులు ముట్టుకోలేదు. మూత విప్పితే దాని లోపలివైపు నల్లటి మడ్డి ఒకటి గట్టిగా అతుక్కుని ఉంది. పలచటి స్క్రూడ్రైవరుతో గీకితే పట్టీలా ఊడి వచ్చి రెండుగా విరిగింది. చెత్తబుట్టలో వేసి, మూత తళతళలాడేలా తుడిచి బిగించాను. మళ్లీ మీటి చూస్తే తీగలు గంటల్లా మోగాయి. కార్డు మీద "లోపం సరిచేయబడినది" అని రాసి సంతకం పెట్టాను. ఆ సంతకం కింద గీత కూడా గీశాను. అంత సంతోషంగా ఉంది నాకు.

శుక్రవారం ఆయన గిటారు తీసుకెళ్లారు. తర్వాతి బుధవారం మళ్లీ వచ్చారు. ఫిర్యాదుకు వచ్చారేమో అనుకుని నేను ఇంకాస్త వంగి కూర్చున్నాను. ఆయన గిటారు పెట్టె ఈశ్వర్రావు గారి ముందు పెట్టి, ఎవరికైనా ఇచ్చేయమన్నారు.

"ఏటి బావ ఆ మాటలు? మొన్నటిదాకా బాగానే వాయించినావు కదేటి," అన్నారు ఈశ్వర్రావు గారు.

"మొన్నటిదాకా. అదే సెప్తన్నాను. తీగలవే, నాబులవే. మరి పాటలో నా దెబ్బ ఆగట్నేదు, పక్క దెబ్బ మీదకి పోతంది. రెండు రిహార్సల్సు సూసినాను. బేసుకేటీ కానేదు బావ, నా సేతులే పోనాయి."

ఆదివారం స్టీల్ ప్లాంటు టౌన్‌షిప్‌లో వాళ్ల ఆర్కెస్ట్రా పాతికేళ్ల ఉత్సవం. దానికి వేరే బేస్ ప్లేయర్ని చూసుకోమని చెప్పి వచ్చేశారట. ఆ మాట ఆయన బాధగా కూడా చెప్పలేదు. క్రేన్ దిగేటప్పుడు తాళం అప్పగించినట్టు చెప్పారు. టీ తాగి, పెట్టె వదిలి వెళ్లిపోయారు.

ఆగట్లేదు అని ఆయన చెప్పింది నేను సరిచేసిన లోపమే. ఆయన టోన్ అని ఊరంతా చెప్పుకునేదాన్ని నేను కార్డులో లోపం అని రాసి, గీకి పారేశాను. దాని సంగతి ఆయనకు కూడా తెలియదు. తెలిసిన మనిషిని ఈ ఊళ్లో నేనొక్కదాన్నే.

ఈశ్వర్రావు గారికి చెప్పడానికి పావుగంట పట్టింది. ఆయన తిట్టలేదు. కొన్ని పాత గిటార్లకు మూత కింద స్పాంజి పట్టీ ఉంటుందనీ, అది తీగలను తాకి మోతను ఆపుతుందనీ వివరించారు. తనైనా ఆ మూత విప్పి చూడాల్సింది అన్నారు. చెత్తబుట్ట ఎప్పుడో ఖాళీ అయింది. మేం చేయగలిగింది అలాంటి ముక్క మళ్లీ వెతకడం. గిన్నెలు తోమే స్పాంజి పెట్టాం, శబ్దం తడిగుడ్డ కొట్టినట్టు వచ్చింది. పరుపు ఫోము పెడితే ఏ తేడా లేదు. సైకిలు ట్యూబు పెడితే తీగ మూగబోయింది. పోల్చి చూడటానికి గ్రూపులో పెట్టిన పాత రికార్డింగు ఒకటి ఈశ్వర్రావు గారు కిరణ్‌ని అడిగి తెప్పించారు. ఎందుకని అతను అడిగితే ఊరికే అన్నారు.

సాయంత్రం ఇంటికి వెళ్దామని మెట్ల మీద కూర్చుని చెప్పులు వేసుకుంటున్నాను. నావి హవాయి చెప్పులు. అరిగిన అంచున పైన తెల్ల పొర, కింద నీలం పొర కనిపించాయి. నేను గీకిన పట్టీ విరిగినప్పుడు లోపల కనిపించినవి సరిగ్గా ఆ రెండు రంగులే. ఓడ పనివాడు తన చెప్పు కోసి అతికించి ఉంటాడు.

ఈశ్వర్రావు గారిని బయటకు పిలిచి చూపించాను. ఆయన నా చెప్పు మడమ దగ్గర ఒక పట్టీ తనే కోసి, పంపు కింద కడిగి, లోపలికి తెచ్చి మూత కింద పెట్టారు. మీటగానే ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. రికార్డింగులో ఉన్నది అదే.

"బావ దీన్ని సిమ్మాచలం కొండెక్కించి సామి కాడ పెట్టి తెచ్చినాడమ్మా. దాంట్లో సెప్పు ముక్కున్నాదని తెలిస్తే మరి ముట్టడు. మూత బిగించీసి ఊరుకో," అన్నారు.

ఆయన చెప్పింది సమంజసంగానే ఉంది. నాకు నోరు విప్పడం ఎలాగూ కష్టం. కానీ ఆ ముక్క సంగతి ఎవరికీ తెలియకపోవడం వల్లే నేను దాన్ని పారేశాను. ఈసారీ చెప్పకపోతే ఇంకో టెక్నీషియన్ ఇంకోసారి పారేస్తాడు, ఆయన ఇంకోసారి తన చేతుల్ని అనుమానిస్తారు. పైగా గిటారు ఆయనది. ఆయన దండం పెట్టే వస్తువులో ఏముందో మాకు తెలిసి ఆయనకు తెలియకపోవడం నాకు నచ్చలేదు. ఈ మాటల్లో సగమే ఈశ్వర్రావు గారికి చెప్పగలిగాను. ఆయన తల పట్టుకుని, సరే నీ ఇష్టం, నువ్వే చెప్పుకో అన్నారు.

గురువారం పొద్దున్నే ఫోను చేసి పిలిపించారు. నోటితో చెప్పలేనని నాకు తెలుసు కాబట్టి జాబ్ కార్డు వెనక అంతా రాశాను. ఏం గీకానో, ఏం దొరికిందో, అది ఏ వస్తువో, ఇప్పుడు లోపల ఉన్న ముక్క ఎవరిదో. ఆయన కళ్లజోడు పెట్టుకుని నిలబడే చదివారు. ఒకచోట ఆగి వెనక్కి వెళ్లి మళ్లీ చదివారు.

"ఎవలి సెప్పు?" అని అడిగారు.

ఓడ పనివాడిది అయి ఉంటుందని ఈశ్వర్రావు గారు నేల చూస్తూ చెప్పారు.

"అంటే ఇరవై రెండేళ్లబట్టి ఆడి కాలికి దండం పెడతన్నానన్నమాట."

ఆయన మొహం చూడలేక నేను టంకం కర్ర తుడుస్తూ ఉన్నాను. కాసేపటికి ఆయన ఆ కార్డు నా బెంచి మీద పెట్టి, చాలా నెమ్మదిగా అడిగారు. "మరి నా సేతులో?"

"మీ చేతులకి ఏమీ కాలేదు మాస్టారూ," అన్నాను. షాపులో చేరాక ఒక కస్టమర్‌తో నేను నేరుగా అన్న మొదటి మాట అదే.

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. దగ్గు వచ్చేదాకా నవ్వారు. నీళ్లు తాగి, గిటారు యాంప్లిఫయర్‌కి పెట్టమని, ఒక పల్లవి వాయించారు. కళ్లు మూసుకుని వాయించారు. ఆపాక మాత్రం, టోన్ ఇదే, ముక్క మాత్రం ఇది ఉండకూడదు అన్నారు. అది ఒక ఆడపిల్ల కాలి చెప్పు కదా, ఆయనకు ఇంకా ఇబ్బందిగా ఉంది.

"కాలు పెడితే సెప్పు. కాలెట్టకపోతే వొట్టి రబ్బరే కదేటి," అని తనకు తానే తేల్చుకుని, బజారుకు వెళ్లారు.

గంటలో ఒక కొత్త హవాయి జత రెండు చేతుల్లో పట్టుకుని వచ్చారు. సైజు చూసుకోండి, కాలు పెట్టి చూడండి అని కొట్టువాడు వదల్లేదట. పెట్టను అంటే, మరి ఎవరికి అని అడిగాడట. గిటారుకి అని చెబితే అతను ఇంకేమీ అడగలేదట. గుమ్మం దగ్గర ఈయన ఒక్క క్షణం ఆగి, దాన్ని లోపలికి తెచ్చారు. ఈశ్వర్రావు గారు బల్ల మీద చోటు ఖాళీ చేశారు.

కొత్త రబ్బరుతో ఒక చిక్కు వచ్చింది. అది మరీ ఎగిరిపడుతోంది. పాతదానిలో ఒక మనిషి బరువు ఏళ్ల తరబడి పడింది. ఆ పని మేం వైసుతో, అంటే మర తిప్పి వస్తువును బిగించే ఇనప పట్టుతో, చేశాం. పట్టీని రెండు ఇనప పలకల మధ్య పెట్టి వైసులో బిగించి, పూటకోసారి ఇంకొంచెం తిప్పుతూ శనివారం దాకా ఉంచాం. తీసి పెడితే, మోత మునుపటికంటే కాస్త ఎక్కువసేపు నిలిచింది. సన్యాసిరావు గారు నాలుగైదుసార్లు మీటి, ఇంకో ఏడాది పోతే అదే అణుగుతుంది, చాలు అన్నారు. వేరే ప్లేయర్ అక్కర్లేదని అక్కడి నుంచే ఆర్కెస్ట్రాకు ఫోను చేశారు. మూత బిగించే ముందు దాని లోపలివైపు చెరిగిపోని పెన్నుతో రాశాను: "ఇది చెత్త కాదు. తీయవద్దు."

ఆదివారం ఉత్సవానికి మమ్మల్నిద్దర్నీ పిలిచారు. నేను చివరి వరసలో కూర్చున్నాను. నా జాబ్ కార్డులో లోపంగా రాసిన శబ్దాన్ని మొదటిసారి పాటలో విన్నాను. ఒక్కో దెబ్బా దుమ్మని పడి ఆగుతోంది. ఆగిన చోటే డోలక్ అందుకుంటోంది. మోత నిలిచి ఉంటే డోలక్‌కి ఆ చోటు ఉండదు. ఇది ఏ పుస్తకంలోనూ నాకు కనిపించలేదు.

కచేరీ అయ్యాక కిరణ్ గుంపును వెంటేసుకుని స్టేజీ పక్కకు వచ్చాడు. ఈసారి టోన్ ఇంకా బాగుంది, ఏం మార్చారు అని అడిగాడు. సన్యాసిరావు గారు దాచలేదు. మూత కింద హవాయి చెప్పు ముక్క ఉందని, పాతది పోతే కొత్తది వేయించానని ఉన్నదున్నట్టు చెప్పారు.

కిరణ్ చిన్నబుచ్చుకున్నాడు. "రహస్యమైతే దాసుకో బావ, తప్పు నేదు. మమ్మల్నిలగ ఎటకారం సేయకు," అన్నాడు. తీగల వయసే కారణమని మర్నాడు గ్రూపులో పెద్ద వ్యాసం పెట్టాడని ఈశ్వర్రావు గారు చదివి వినిపించారు.

ఆ తర్వాత మా జాబ్ కార్డులో ఒక గడి పెరిగింది: "తీసినవి." గిటారులోంచి ఏది తీసినా, దుమ్ము ఉండ అయినా సరే, ఒక కవరులో వేసి కస్టమర్ చేతికి ఇవ్వడం మొదలుపెట్టాం. కవరు తెరిచి చూసి విసుక్కున్నవాళ్లే ఎక్కువ. ఆ సంఘటన నాకు నేర్పింది ఇంతే. మన చెవికి లోపంగా వినిపించేది వాయించేవాడికి పనికొచ్చేది కావచ్చు. అందుకని లోపాల గడి నింపే ముందు అతన్ని అడగాలి, నోరు రాకపోతే రాసి అయినా అడగాలి. ఓడల రేడియోలకు కూడా నేను ఇదే పద్ధతి పాటిస్తున్నాను.