సున్నం పూయని ముంత

కొబ్బరిచెట్టు రసాన్ని కావాలని పులియబెట్టి సీసాల్లో నింపేవారికి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. అదే రసాన్ని పులియకుండా కాపాడి గ్లాసుల్లో పోసేవాడి అనుమతిని రద్దు చేసింది. రద్దుకు చూపిన కారణం, అతడి సరుకు పులిసిందని.

ఆ మనిషి పేరు గుత్తుల ధర్మరాజు. పి.గన్నవరం అవతలి లంకలో ముప్పై ఆరేళ్లుగా చెట్లెక్కుతున్నాడు. మానును కావలించుకుని కావలించుకుని అతడి రొమ్ము మీది చర్మం చెప్పుతోలులా మొద్దుబారింది. ముప్పై ఏళ్లు కల్లు గీసి, ఆరేళ్ల క్రితం శిక్షణకు వెళ్లి, నీరాకు, అంటే పులియని తీపి రసానికి, అనుమతి తెచ్చుకుని, రోడ్డు పక్కన చిన్న పాక వేసుకున్నాడు. కల్లుపాక ఛాయలకు ఎన్నడూ రాని పంతులమ్మలు, చంటిపిల్లల తల్లులు ఆ పాక ముందు నిలబడి తాగేవారు. అతడికి అంతకు మించిన గౌరవం తెలియదు.

నీరా పులియకుండా ఉండాలంటే చెట్టుకు కట్టే ముంత లోపల సున్నం పూయాలి. తక్కువైతే పులుస్తుంది, ఎక్కువైతే నాలుక పొక్కుతుంది. ఎంత పూయాలో అతడి భార్య వీరమ్మ వేలికి తెలుసు.

ఈలోగా పట్నాల్లో సైడర్ అనే పులియబెట్టిన పళ్లరసం మోజు మొదలైంది. బీరు చేదని మూతి ముడిచే కుర్రకారు మొదట ఆపిల్ సైడర్‌కు అలవాటుపడ్డారు. తర్వాత ఒక పట్నం కంపెనీ కొబ్బరిచెట్టు రసంతో సైడర్ చేసి, సీసా మీద చెట్టెక్కుతున్న గీతకార్మికుడి బొమ్మ వేసి అమ్మసాగింది. అమలాపురంలో పెళ్లి విందులకు కూడా ఆ సీసాలు వచ్చాయి. ఏప్రిల్ ఇరవై తొమ్మిదిన ఆ కంపెనీ మేనేజరు వెంకటకృష్ణ పాక దగ్గరకు వచ్చాడు.

"ఏం ధర్మరాజుగారూ, ఇంకా గ్లాసులు కడుక్కుంటారా? రసం దింపి మాకిచ్చేయండి. బొమ్మ కూడా మీదే వేయిస్తాం."

"బొమ్మలో నేను చెట్టు మీదే ఉంటానా అండీ, కిందకి దిగుతానా?"

వెంకటకృష్ణ నవ్వలేదు. "ఆలోచించుకోండి."

"ఆలోచించేనండి. పసిపిల్లల తల్లులు తాగే సరుకండి ఇది. పులియబెట్టడానికి ఇవ్వనండి."

పదిహేనో రోజున తనిఖీ జరిగింది. ఈ రెండింటికీ సంబంధం ఉందని చెప్పే కాగితం ఏదీ లేదు కనుక ఆ మాట ఇక్కడ రాయడం లేదు. తేదీలు మాత్రం ఇవి.

ఎక్సైజు అధికారి వస్తున్నారని ముందురోజే కబురందింది. ధర్మరాజు అప్పుడే తప్పు చేశాడు. ఆ ఇంట, పెద్దమనిషి వస్తే సున్నం ముంతలోది ఇవ్వరు. వేణ్నీళ్లతో కడిగిన కొత్త ముంతను తెల్లవారుజామున కట్టి, పొద్దు పొడవగానే దింపి, అక్కడికక్కడే తాగిస్తారు. అల్లుడికైనా, పాస్టరుగారికైనా అదే మర్యాద. మే పద్నాలుగున అధికారి దుర్గాశ్రీనివాస్ జీపు దిగేసరికి ఆ ముంత సిద్ధంగా ఉంది.

"తమకోసం వేరేగా కట్టేనండి. సున్నం వాసన ఉండదు. ఇప్పుడే తాగెయ్యాలండి, పొద్దెక్కితే పాడైపోద్ది."

"తాగడానికి రాలేదయ్యా. శాంపిల్ కావాలి." అంటూనే ఆ ముంతలోదే సీసాలో పోయించాడు.

వీరమ్మ అడ్డుపడింది. "అయ్యా, అది వద్దండి! మేం అమ్మేది ఈ ముంతలోదండి."

"ఓహో! మాకు చూపించడానికి ఇంకోటి ఉంచేవా?"

లక్క సీలు పడింది. ఐసు లేదు. మే పద్నాలుగు ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు దింపినట్టు శాంపిల్ రసీదులో ఉంది. ల్యాబు ముద్ర మీది తేదీ మే పదిహేడు. ఆ మూడు రోజులూ మండుటెండలే. నివేదికలో ఆల్కహాలు తేలింది. జూన్ మూడున రద్దు ఉత్తర్వు వచ్చింది.

ఆ ఉత్తర్వు మీద జరిపిన విచారణలో ధర్మరాజు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పులిసిందా, లేదా?" అన్నాడు దుర్గాశ్రీనివాస్.

"పులిసిందండి. మూడ్రోజులుంచితే పులవకుండా ఎలాగుంటాదండి?"

"ఎన్ని రోజులని రూలులో లేదు."

పక్కనున్న గుమాస్తా అందుకున్నాడు. "సైడర్ కంపెనీలో చేరిపో బాబాయ్. అక్కడ పులిస్తేనే జీతం!"

గదంతా నవ్వింది. "ఆయ్," అని ధర్మరాజు బయటికి వచ్చాడు. మెట్ల మీద వీరమ్మతో, "ఆయనకి మర్యాద చేసేనే. సున్నం ముంతలోది ఇచ్చినా బాగుండేది" అన్నాడు.

అతడు గీసే పద్దెనిమిది చెట్లూ రైతులవి. ఈ నెలాఖరులోగా అనుమతి తిరిగి రాకపోతే కంపెనీకి ఇచ్చేస్తామని వారు చెప్పేశారు. ఆ తర్వాత అతడు అవే చెట్లు ఎక్కాలంటే కంపెనీ కూలీగానే ఎక్కాలి.

దుర్గాశ్రీనివాస్ గారూ, ఆ ఉత్తర్వు మీద సంతకం చేసిన పై అధికారులారా! శాంపిల్ తీసిన తేదీ, ల్యాబుకు చేరిన తేదీ, రెండూ మీ కాగితాల్లోనే ఉన్నాయి. ఆ ఉత్తర్వును వెంటనే నిలిపివేయండి. ధర్మరాజు అమ్మే ముంతలోది, అతడి కళ్లెదుట, ఐసులో పెట్టి తీసుకెళ్లి, ఆ పూటే పరీక్ష చేయించండి. మూడు రోజులు ఆ సీసా ఎక్కడ ఉందో లిఖితపూర్వకంగా జవాబివ్వండి. నెలాఖరులోగా ఇవ్వండి.